ఏడో నంబరు సైనికుడి చెయ్యి ఎందుకు వణికింది?

తణుకులో పళ్ళ డాక్టరు దొమ్మేటి సుదర్శనానికి మాటల కరువు. ఈ సంగతి చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మరు. పొద్దున్న షట్టరు తీసింది మొదలు సాయంత్రం దించేదాకా ఆయన మాట్లాడుతూనే ఉంటాడు. కాకపోతే ఎదుటివాడు నోరు తెరుచుకుని పడుకుని ఉంటాడు. కొబ్బరి ధరల మీద, రోడ్ల మీద, కొత్త అల్లుళ్ళ నడవడి మీద డాక్టరుగారు ఎన్ని అమూల్యమైన అభిప్రాయాలు వెలిబుచ్చినా అవతల నుంచి వచ్చేది "ఆఁ... ఆఁ..." అనే ఒక్క శబ్దమే. అది అవుననడమో, కాదనడమో, ఉత్త నొప్పో ఆయనకి ఏనాడూ తెలిసి చావలేదు. ఇంట్లో భార్య హేమలత జవాబులు చెబుతుంది గానీ అవి ఆయన అడిగిన ప్రశ్నలకి కావు.

అలాంటి మనిషికి ఆదివారం ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? ఆదివారం పొద్దున్న కాలవ పక్క టిఫిన్ హోటల్లో మూలబల్ల దగ్గర పాపారావు ఉంటాడు. పాపారావు కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. హైస్కూల్లో ఇద్దరూ ఒకే బెంచీ. ఇద్దరికీ, ఆ బల్ల చుట్టూ చేరే మరికొందరికీ ఉన్న పిచ్చి ఒక్కటే. ఫోనులో వచ్చే 'శూన్యసీమ సంగ్రామం' అనే సీరియల్.

అందులో నక్షత్రాల మధ్య యుద్ధం జరుగుతూ ఉంటుంది. మామూలు సైన్యాలు చేతులెత్తేసిన చోట ఉల్కాదళం అనే దళాన్ని దింపుతారు. వాళ్ళకి ఒళ్ళంతా నల్లటి కవచం. ముఖాలు కనబడవు, పేర్లుండవు, నంబర్లే. ఒక్కొక్కడూ ఒక పటాలానికి సమానం. ఇక మూలబల్ల దగ్గర చర్చ ఎలా ఉంటుందంటే, కవచం లోపల దురద పుడితే ఉల్కాదళం వాడు ఎలా గోక్కుంటాడు? అసలు వాళ్ళకి దురదే పుట్టదని పాపారావు. మనిషన్నాక పుట్టి తీరుతుందని సుదర్శనం. ఈ ఒక్క ప్రశ్న మీద ఒక వర్షాకాలం మొత్తం వెళ్ళిపోయింది. పాపారావు బల్ల గుద్ది "నీకు బుద్ధుందిరా?" అని అరిచినప్పుడల్లా సుదర్శనానికి వారం రోజుల అలసట తీరిపోయేది. తన మాట ఒకడు విన్నాడు, వినడమే కాదు, ఒళ్ళు మండేంత శ్రద్ధగా విన్నాడు. అంతకన్నా మనిషికేం కావాలి?

ఒక ఆదివారం ఉల్కాదళం వాళ్ళు ఓడలోంచి ఎలా దూకుతారో పాపారావు కుర్చీ ఎక్కి చూపించాడు. దూకుడు బాగానే వచ్చింది. దిగడం మాత్రం సాంబారు బకెట్టులోకి దిగాడు. పక్కబల్ల మీద తెల్లబట్టల్లో ఉన్న పెళ్ళివారు లేచి నిలబడ్డారు. హోటలాయన చేతులు జోడించి, "బాబ్బాబూ, మీ యుద్ధాలు ఇంకెక్కడైనా చేసుకోండి. ఒక్క టీకి మూడు గంటలు కూచుంటే కూచున్నారు, గిరాకీని తగలెట్టకండి," అన్నాడు.

అప్పుడు చూసుకున్నారు వేరే చోటు. లైబ్రరీ మేడ మీద హాలు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. అయితే దాన్ని రిజిస్టరైన సంఘాలకే ఇస్తారట. సంఘమంటే అధ్యక్షుడు కావాలి. అధ్యక్షుడంటే చూడగానే పదిమంది లేచి నిలబడే మనిషి కావాలి. కాలేజీలో గుమాస్తాగా చేసే చయనులు అనే సభ్యుడు వెళ్ళి రిటైర్డ్ డెప్యూటీ కలెక్టరు వేగేశ్న రామభద్రరాజు గారిని అడిగి వచ్చాడు. రిటైరైన దగ్గర్నించీ రాజుగారు సంతకం పెట్టడానికి ఒక్క కాయితం లేక చిక్కిపోతున్నారు. అడగ్గానే ఒప్పుకుని, ఆ తర్వాత అడిగారు:

"ఇంతకీ ఈ ఉల్కాదళం ఏ శాఖ కిందికి వస్తుందండీ?"

"శాఖంటూ లేదండి. అంతరిక్షంలో ఉంటారండి," అన్నాడు చయనులు.

"అంటే డెప్యుటేషను మీద ఉన్నారన్నమాట," అని రాజుగారు తృప్తిపడ్డారు.

మొదటి సమావేశం ఘనంగా జరిగింది. జ్యోతి వెలిగించారు. ప్రార్థన పాడించారు. అధ్యక్షుల వారిని వేదిక మీదికి ఆహ్వానించారు, ఆహ్వానించిన వారిని పరిచయం చేశారు, పరిచయం చేసిన వారికి శాలువా కప్పారు. అంతా అయ్యేసరికి హాలు మూసే వేళ దగ్గరపడింది. మిగిలిన కాస్త వ్యవధిలో చర్చకి అనుమతించారు. ఇంకేముంది, సుదర్శనమూ పాపారావూ ఒకేసారి లేచారు. కిందటి వారం ఎపిసోడ్లో మూడో నంబరు వాడు ఎడమవైపు తిరగడం పొరపాటంటాడు ఒకడు, వ్యూహమంటాడు ఇంకొకడు. గొంతులు పైకప్పు తాకాయి. సభ్యులంతా తలో పక్షం చేరిపోయారు.

రాజుగారు బల్ల మీద గంట వాయించారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఏమిటీ అరాచకం? సదరు మూడో నంబరు గారు తమరికన్నా పైస్థాయి వారా, కిందిస్థాయి వారా?"

"చాలా పైస్థాయండి," అన్నాడు పాపారావు గర్వంగా. "లక్షమందిలో ఒకణ్ణి తీసుకుంటారండి. బండరాయి నెత్తిన పెట్టుకుని కొండెక్కాలండి. తిండీ నిద్రా ఉండవండి. ఆఖర్న అంతరిక్షంలోంచి దూకాలండి."

"అంతటి వారి విధి నిర్వహణ మీద తమరు వ్యాఖ్యానిస్తున్నారు. తమరు దేని నుంచి దూకారు?"

సాంబారు బకెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు.

"కింది ఉద్యోగి పై అధికారి నడవడిని విమర్శించరాదు. నా సర్వీసు మొత్తంలో ఈ నియమం ఉల్లంఘించిన వాడెవడూ బాగుపడలేదు. కావున ఇందుమూలముగా నేను ఆదేశించేదేమనగా, ఏ హోదా వారి గురించైనా ఆ హోదా గానీ, అంతకు మించిన హోదా గానీ గలవారే మాట్లాడవలెను. ఉల్కాదళం గురించి మాట్లాడగోరువారు ముందుగా ఉల్కాదళం అర్హత సంపాదించవలెను."

బుద్ధున్నవాళ్ళయితే అక్కడే హాలు తాళం ఆయన చేతిలో పెట్టి ఇంటికి పోయేవారు. కానీ వీళ్ళు అభిమానులు. అర్హత, హోదా, పరీక్ష అనే మాటలు వినగానే అందరి కళ్ళూ మెరిశాయి. ఇన్నాళ్ళూ బల్ల చుట్టూ కూచుని వాళ్ళు కన్న కల ఇదే కదా! పాపారావు రెండు చేతులూ ఎత్తాడు. మనం కూడా కవచం కుట్టించుకోవచ్చా అని ఎవరో అడిగారు. సుదర్శనం కూడా చెయ్యెత్తాడు. ఆ పాపంలో ఆయనకీ వాటా ఉంది.

హోదాలు నిర్ణయమయ్యాయి. అందరికన్నా కింద శిక్షణార్థి. వాడు గ్రహాల మీద వాతావరణం గురించి మాత్రమే మాట్లాడవచ్చు. ఆ పైన ఉప దళపతి. వాడికి సైనికుల బూట్ల మీద మాట్లాడే అధికారం ఉంది. దళపతికి శిరస్త్రాణం దాకా చనువిచ్చారు, అదీ బయటివైపే. సైనికులు చేసిన పనుల మీద, వాళ్ళ మంచి చెడ్డల మీద నోరు విప్పాలంటే పూర్తి ఉల్కాదళ సభ్యుడు కావాలి. దానికి కావలసిందల్లా అంతరిక్షం నుంచి దూకి క్షేమంగా దిగినట్టు గెజిటెడ్ అధికారి ఇచ్చిన ధ్రువపత్రం.

"మరి అధ్యక్షుల వారి హోదా?" అని చయనులు భయపడుతూ అడిగాడు.

"నేను హోదా రీత్యా మహాసేనానిని," అన్నారు రాజుగారు. "అయినా నాకు అభిప్రాయాలు లేవు కనుక ఇబ్బంది ఉండదు."

పరీక్షలు మునిసిపల్ పార్కులో పెట్టారు. కొండ లేదు గనక నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కమన్నారు. బండరాయికి బదులు ఎవరింట్లోంచో తెచ్చిన రుబ్బురోలు పొత్రం. ఉపవాస పరీక్ష కింద ఆదివారం పది దాటేదాకా టిఫిను ముట్టుకోకూడదు. ఈ పరీక్షలోనే సగంమంది రాలిపోయారు. పక్కనే పెసరట్ల బండి పెట్టడం శత్రువుల కుట్ర అని వాళ్ళు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు.

దేహదారుఢ్య పత్రం మీద డాక్టరు సంతకం తప్పనిసరి అన్నారు రాజుగారు. సంఘంలో ఉన్న డాక్టరు సుదర్శనం ఒక్కడే. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అందరి పత్రాల మీదా ఒకే ముక్క రాశాడు: "పళ్ళు చూచితిని, గట్టిగా ఉన్నవి. మిగతా శరీరంతో నాకు పరిచయం లేదు." అది సరిపోతుందన్నారు.

పాపారావుకి స్తంభాలెక్కడం రోజూ ఉన్న పనే. పొత్రం భుజాన వేసుకుని ట్యాంకు మెట్లు గబగబా ఎక్కేసి, పైనించి సెల్యూటు కూడా కొట్టాడు. ఉప దళపతి అయ్యాడు. సుదర్శనం రోజంతా స్టూలు మీద కూచునే మనిషి. పొత్రం ఎత్తబోయి దాన్ని కౌగిలించుకుని అలాగే కూలబడ్డాడు. లేవదీయడానికి ఇద్దరు శిక్షణార్థులు కావలసి వచ్చారు. ఆయన శిక్షణార్థిగానే మిగిలిపోయాడు.

పోతే పోయింది, హోదాదేముంది అనుకున్నాడు. అసలు సంగతి ఆ మరుసటి వారం తెలిసొచ్చింది. పాపారావు బజార్లో ఎదురుపడ్డాడు. సుదర్శనం అలవాటుగా, "ఒరే పాపా, నిన్న ఎపిసోడు చూశావా?" అన్నాడు.

పాపారావు అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏదైనా ఉంటే... సక్రమ మార్గంలో పెట్టుకోరా. మీ శిక్షణార్థుల మీద సెక్షన్ లీడరుగా బుల్లబ్బాయిని వేశారు కదా. అతని ద్వారా పంపు."

"ఎపిసోడు చూశావా లేదా అన్నదానిక్కూడానా?"

"చూశానని చెబితే ఎలా ఉందంటావు. ఎలా ఉందంటే నేను బూట్ల గురించే చెప్పాలి. బూట్లు బావున్నాయి." అని చెప్పి పాపారావు ఎటో చూస్తూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సుదర్శనానికి గుండెల్లో కలుక్కుమంది. చిన్నప్పుడు ఇదే పాపారావు పరీక్షలో తన పేపరు చూసి రాసి, పైగా నీ జవాబు తప్పురా అని తనతోనే పోట్లాడినవాడు. ఇప్పుడు మాట్లాడ్డానికి బుల్లబ్బాయి సంతకం కావాలట. ఇంటికొచ్చి ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ దిగులు ఇలా ఉండగానే సీరియల్లో అసలు ఘట్టం వచ్చింది. ఏడో నంబరు సైనికుడు ఓడ చివర ద్వారం దగ్గర నిలబడతాడు. అవతల శత్రువుల నౌక. ద్వారం తెరిస్తే తిరిగి రావడమంటూ ఉండదు. వాడు మీట మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి వణుకుతుంది. ఒక్క క్షణం, అంతే. తర్వాత ద్వారం తెరుచుకుంటుంది.

సుదర్శనం ఆ సీను చూసి లేచి నిలబడ్డాడు. వాడికి భయం వేసింది! ఇన్నేళ్ళుగా ఎవరూ చెప్పని మాట. ఉల్కాదళం వాడికీ భయం వేస్తుంది. ఆ వణుకు ఆయనకి తెలుసు. ఊరంతా హడలిపోయే సీఐ గారు కుర్చీలో పడుకుని సూది చూడగానే ఆ మనిషి చెయ్యి సరిగ్గా అలాగే వణికింది. అయినా నోరు తెరిచాడు. భయపడుతూనే తెరిచాడు గనకే ఆ మనిషంటే డాక్టరుకి గౌరవం. ఏడో నంబరు వాడూ అంతే. ఈ మాట పాపారావుతో చెప్పాలి. చెబితే పాపారావు మండిపడతాడు, బల్ల గుద్దుతాడు, ఉల్కాదళానికి భయమేమిట్రా అంటాడు. అప్పుడు గానీ ఆ మాట చెప్పినట్టు కాదు.

ముందు హేమలతకి చెప్పి చూశాడు.

"చెయ్యి వణికిందా? షుగరు పడిపోయుంటుందండి. మా బాబాయికీ అంతే. ఓ బిళ్ళ బెల్లం నోట్లో వేసుకోమనండి," అందావిడ, చిక్కుడుకాయలు తుంచుకుంటూ.

ఇక గత్యంతరం లేక అర్జీ పెట్టాడు. ఏడో నంబరు సైనికుని విషయమై ఒక అభిప్రాయం కలిగినందున దానిని వెలిబుచ్చుటకు అనుమతి కోరాడు. జవాబు తొందరగానే వచ్చింది. రాజుగారు సంఘం పెట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్నది ఇలాంటి కాయితం కోసమే.

"మీ అర్జీ అందినది. మీ అభిప్రాయము పరిశీలనలో ఉన్నది. పరిశీలన పూర్తగు వరకు సదరు అభిప్రాయమును మీరు కలిగి ఉండరాదు."

సుదర్శనం దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నాడో. కలిగిన అభిప్రాయాన్ని కలిగి ఉండకపోవడం ఎలాగో ఆయనకి డెంటల్ కాలేజీలో నేర్పలేదు. పన్నయితే పీకి పారేసేవాడు. వారం పాటు ప్రయత్నించాడు పాపం. ఎవరి చెయ్యి కదిలినా ఏడో నంబరు వాడే గుర్తొస్తున్నాడు.

ఆఖరికి ఉండబట్టలేక ఒక పేషెంటుకి చెప్పేశాడు. దవడ పన్ను పుచ్చి వచ్చిన ఆ పేషెంటు ఎవరో కాదు, సెక్షన్ లీడరు బుల్లబ్బాయే. నోట్లో దూదీ, పైన లైటూ ఉన్నాయి గనక అతను లేచిపోలేడు, చెవులూ మూసుకోలేడు. డాక్టరు మనసు విప్పి చెప్పాడు. వణుకు గురించి, మీట గురించి, సీఐ గారి గురించి. బుల్లబ్బాయి "ఆఁ... ఆఁ..." అంటూ కాళ్ళు తన్నుకున్నాడు. ఈసారి అది కాదనడమేనని డాక్టరుకి అర్థమైంది. దూది తీయగానే బుల్లబ్బాయి ఫీజు బల్ల మీద పెట్టి, "నేనేం వినలేదండి. కానీ విన్నట్టు రిపోర్టు చెయ్యకపోతే నా లీడరీ పోతుందండి," అని దవడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

సంజాయిషీ నోటీసు వచ్చింది. విచారణ సంఘం వార్షికోత్సవంలో, అందరి ముందూ వేదిక మీదే అన్నారు.

ఆ వార్షికోత్సవానికి రాష్ట్ర స్థాయి చర్చాగోష్ఠి అని పేరు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా అభిమానులు వచ్చారు. రాజుగారు థర్మకోలు కవచానికి నల్లరంగు వేయించుకుని, దాని మీద శాలువా కప్పుకుని మధ్య కుర్చీలో కూచున్నారు. కవచం గుచ్చుకుంటోందని ముఖం చూస్తే తెలుస్తోంది గానీ మహాసేనాని గోక్కోకూడదు. పక్కన దళపతులు, ఆ పక్కన ఉప దళపతులు. పాపారావు ఆ వరస చివర ఉన్నాడు. అతని పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

గోష్ఠి మొదలైంది. మొదటి వక్తని చయనులు మైకులో పిలిచాడు. విషయం: ఉల్కాదళం పోరాట పటిమ. ఆ వక్త దళపతి మాత్రమే, పోరాటం మీద మాట్లాడే అర్హత లేదు. కనుక మైకు ముందు నిలబడి, కేటాయించిన సమయమంతా నిశ్శబ్దంగా ఉండి, నమస్కారం పెట్టి దిగాడు. చప్పట్లు మోగాయి. జ్ఞాపిక ఇచ్చారు. రెండో వక్త వచ్చాడు. ఆయన ఇంకా గంభీరంగా మౌనం వహించాడు. మూడో ఆయన తన సమయం దాటిపోయినా మౌనంగా నిలబడే ఉంటే రాజుగారు గంట కొట్టి, "క్లుప్తంగా ముగించాలి," అన్నారు. ఆయన నొచ్చుకుని దిగిపోయాడు.

"ఈ సంఘం స్థాపించినప్పటి నుంచి ఒక్క తప్పుడు అభిప్రాయం కూడా వెలువడలేదు," అని రాజుగారు మైకులో ప్రకటించారు. "ఇంతటి క్రమశిక్షణ నేను ఏ శాఖలోనూ చూడలేదు. ఒకే ఒక్క మచ్చ మిగిలి ఉంది. శిక్షణార్థి సుదర్శనం గారు వేదిక మీదికి రావలసిందిగా ఆదేశం."

సుదర్శనం మెట్లెక్కాడు.

"తమరు ఫలానా తేదీన ఒక రోగి నోరు తెరిచి ఉన్న సమయమును దుర్వినియోగపరచి అభిప్రాయము వెలిబుచ్చినట్లు ఆరోపణ. అయితే నేను కఠినుణ్ణి కాను. తమకు ఆ అభిప్రాయం ఎన్నడూ కలగలేదని ఈ కాయితం మీద సంతకం చేసిన పక్షంలో గతాన్ని మరచిపోతాం. అంతే కాదు, సత్ప్రవర్తన కింద తమరిని ఈ వేదిక మీదనే ఉప దళపతిగా నియమిస్తాం. ఆ ఆసనం తమదే."

ఆయన చూపించింది పాపారావు పక్కన ఉన్న ఖాళీ కుర్చీని.

పాపారావు తల ఎత్తాడు. ఆ కుర్చీ కాస్త తన వైపుకి లాక్కున్నాడు కూడా. కళ్ళతోనే, పెట్టేయరా సంతకం, అంటున్నాడు. సుదర్శనం ఆ కుర్చీ వైపే చూశాడు. ఎన్నాళ్ళయింది వాడి పక్కన కూచుని! ఒక్క సంతకం చేస్తే చాలు. ప్రతి ఆదివారం పక్కపక్కనే కూచోవచ్చు. కూచుని బూట్లు బావున్నాయని చెప్పుకోవచ్చు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, తర్వాత వచ్చే ఆదివారాలన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. అన్నిటిలోనూ పాపారావు పక్కనే ఉన్నాడు, ఒక్కదానిలోనూ మాట్లాడటం లేదు. అలాంటి మనుషులు తన క్లినిక్కులో రోజూ పది మంది ఉంటారు.

పెన్ను బల్ల మీద పెట్టేశాడు. మైకు పట్టుకున్నాడు. చెయ్యి గడగడా వణుకుతోంది.

"ఏడో నంబరు వాడికి భయం వేసిందండి," అన్నాడు. "భయం వేసినా తలుపు తీశాడు. అందుకే వాడంటే నాకిష్టం."

రాజుగారు నెమ్మదిగా లేచారు, కవచం కిర్రుమంది.

"బహిష్కరణ. ప్రాథమిక సభ్యత్వం నుంచే."

సుదర్శనం మెట్లు దిగాడు. వరసల మధ్య నుంచి తలుపు వైపు నడుస్తున్నాడు. ఎవరూ ఆయన ముఖం చూడటం లేదు. చెప్పాల్సింది చెప్పేశాడు గానీ ప్రాణం ఉసూరుమంటోంది. చెప్పినా లాభమేముంది, జవాబు రాలేదు కదా అనుకున్నాడు. తలుపు దగ్గరికి చేరాడో లేదో వెనక నుంచి ఒక కేక వినబడింది.

"తప్పు!"

పాపారావు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మెడ నరాలు పొంగి ఉన్నాయి.

"ఉల్కాదళం వాడికి భయమేంట్రా, బుద్ధుందా నీకు? వాడి చేతి తొడుగులో గాలి తగ్గిపోయింది! ఓడ దెబ్బ తిన్నప్పుడు తొడుగు చిరిగింది కదా, చూళ్ళేదా నువ్వు?"

"ఉప దళపతి గారూ!" రాజుగారు గంట వాయించారు. "తమకు అధికారం బూట్ల వరకే!"

"చేతులకేసుకునే బూట్లే అనుకోండి సార్!"

"చిరిగింది ఎడమ తొడుగురా వెధవా!" సుదర్శనం తలుపు దగ్గర నుంచే అరిచాడు. "వణికింది కుడి చెయ్యి!"

"కుడి చెయ్యేంట్రా? అద్దంలో కనపడ్డం వల్ల నీకలా అనిపించింది!"

"అద్దమెక్కడుంది అక్కడ?" అని మూడో వరసలోంచి ఎవరో లేచారు. ఇంతకు ముందు మౌనోపన్యాసం చేసి జ్ఞాపిక పుచ్చుకున్న పెద్దమనిషి, "అది అద్దం కాదు, గాజు తలుపు!" అంటూ జ్ఞాపిక ఊపాడు. దవడ వాపు ఇంకా తగ్గని బుల్లబ్బాయి కూడా ఏదో అరిచాడు, ఎవరికీ అర్థం కాలేదు. నెలల తరబడి లోపల మగ్గిన అభిప్రాయాలు ఒక్కసారిగా బయటపడ్డాయి. హాలు హోరెత్తిపోయింది. రాజుగారు ఒక్కొక్కణ్ణీ వేలెత్తి చూపి బహిష్కరిస్తూ పోయారు, చయనులు రాసుకుంటూ పోయాడు. రాస్తూ రాస్తూ అతను తల ఎత్తి, "అయ్యా, ఏది ఏమైనా అది భయం కాదండి, చలి," అన్నాడు. అతన్నీ బహిష్కరించారు. తన బహిష్కరణ తనే శ్రద్ధగా రాసుకుని, పుస్తకం బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు.

హాల్లో రాజుగారొక్కరే మిగిలారు. కోరం లెక్క ఎలా చూసుకున్నారో గానీ, సంఘంలో పూర్తి క్రమశిక్షణ నెలకొన్నట్టు ఏకగ్రీవంగా తీర్మానం చేశారని తర్వాత తెలిసింది.

కింద లైబ్రరీ మెట్ల మీద మాత్రం యుద్ధం సాగుతూనే ఉంది. అటుపోయే జనం ఏదో ఆస్తి తగాదా అనుకుని ఆగి చూశారు. తక్కినవాళ్ళు ఆకలేసి ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. చివరికి సుదర్శనమూ పాపారావూ మిగిలారు. అరిచి అరిచి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. సుదర్శనం చొక్కా చెమటతో తడిసిపోయింది, ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

పాపారావు మెట్టు మీద కూలబడ్డాడు. పక్కన చోటు చూపించాడు. సుదర్శనం కూచున్నాడు. చొక్కా అంచుతో చెమట తుడుచుకున్నాడు.

"ఒరే," అన్నాడు పాపారావు ఆఖరికి, నేల చూపులు చూస్తూ. "ఆ సీను చూసి నాకు ఏడుపొచ్చిందిరా. నువ్వన్నది నిజమే. వాడికి భయమే."

సుదర్శనం నోరు తెరిచి అతని వైపు చూశాడు.

"మరి అంతమందిలో తప్పని అరిచావేంరా?"

"ఒప్పేసుకుంటే, వచ్చే ఆదివారం ఏం మాట్లాడుకుంటాంరా?"